గుండు పంపితే బద్ద వచ్చింది

పెట్టె గుమ్మం దాటకముందే నాకు అనుమానం వచ్చింది. ఆటోలోంచి దింపుతుంటే లోపల ఏదో గలగలమంది. నలభై ఏళ్లు కాశీబుగ్గలో జీడిపప్పు డబ్బాలు కట్టించినవాణ్ని. గలగలమన్న డబ్బాను నేనున్నన్నాళ్లూ లారీ ఎక్కనివ్వలేదు.

"ఓటీపీ సెప్పండి తాతగోరూ" అన్నాడు తెచ్చిన గుంటడు.

"లోపలేటో ఆడతంది గదరా?"

"అది నాకు తెల్దండి. నాది తెచ్చి ఇచ్చీవరకే."

వాడి తప్పేం లేదు. ఇప్పుడందరి పనీ ఎంతో కొంత వరకే. కట్టినవాడిది కట్టేవరకే, ఎక్కించినవాడిది ఎక్కించేవరకే. మొదటి నుంచి చివరిదాకా ఆ వస్తువు నాదీ అనుకునేవాడు ఒక్కడూ లేడు.

మా మనవడిది బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. ఇంటి నుంచే పని చేసుకోవచ్చని ఈ ఎండాకాలం పలాస వచ్చాడు. పొద్దున్నే అక్కుపల్లి సముద్రం దాకా తొక్కుకెళ్లి వస్తానని కార్బను సైకిలు తెప్పించుకున్నాడు. ధరెంతని అడిగితే గొంతు తగ్గించి, లక్షా ఎనభై వేలు అన్నాడు. అంతకంటే తక్కువలో వాళ్లమ్మ పెళ్లి చేశాను నేను. భోజనాల్లో జీడిపప్పు పాయసంతో సహా.

పెట్టె మీద గాజు గ్లాసు బొమ్మ, పైకి చూసే బాణం గుర్తులు. ఆ బాణాలు నేలను చూస్తున్నాయి. ఒక మూల నలిగి ముద్దయింది. పక్కన అట్టను చీల్చుకుని ఇనుప మొన ఒకటి బయటికి తొంగి చూస్తోంది. విప్పాక తెలిసింది, అది ముందు చక్రం ఇరుసు. చక్రాన్ని ఊడదీసి ఫ్రేము పక్కన నిలబెట్టి, రెండు ప్లాస్టిక్ పట్టీలు బిగించి వదిలేశారు. మధ్యలో చిన్న గుడ్డముక్క కూడా లేదు. ఆ ఇరుసు రెండో కొన దారి పొడుగునా ఫ్రేమును పొడుచుకుంటూ వచ్చింది. పెడళ్లూ పానాలూ ఉన్న చిన్న డబ్బాను కట్టకుండా లోపల పడేశారు. గలగలమన్నది అదే. బ్రేకు పళ్లెం అప్పడంలా వంకర తిరిగింది. వెనక గేర్లు వేలాడే కొక్కెం చక్రం వైపు వంగింది. ముందు ఫోర్కు రెండు కాళ్ల మధ్య ఏ అడ్డూ పెట్టలేదు. పెట్టె మీద బరువు పడితే ఆ కాళ్లు దగ్గరకి నొక్కుకోవా మరి?

మా వీధి సైకిలు మేస్త్రిని పిలిచాను. నలభై ఏళ్లుగా రిమ్ముల బెండు తీస్తున్న చెయ్యి. సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, ముట్టుకోడానికి జంకాడు.

"ఇనుమైతే సొట్ట పడతాది, కొట్టి సరిజేస్తాను మావా. ఇది సొట్ట పడదు. ఇరుగుతాది. ఇరిగినా పైకి కనపడదు."

జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ఫ్రేము పొడుగునా తట్టుకుంటూ వెళ్లాడు. టక్ టక్ టక్ మని చురుగ్గా పలికింది. ఇరుసు పొడిచిన చోటుకి వచ్చేసరికి టప్ మని డొల్లగా పలికింది. ఉద్దానంలో పుట్టినవాడికి ఆ చప్పుడు వేరే చెప్పక్కర్లేదు. కొబ్బరికాయ మంచిదో చెడ్డదో, పనసకాయ ముగ్గిందో లేదో తట్టి చెప్పే ఊళ్లు మావి. మనవడి ముఖం చూసి నేనే తల తిప్పుకున్నాను.

మా రోజుల్లో మొదలెట్టకు తాతా అంటాడు వాడు. మొదలెట్టక ఏం చెయ్యను?

పలాస బతికేదే విరగకుండా పంపడం మీద. జీడిగింజ కొట్టే ఆడవాళ్ల చేతుల్లోంచి పప్పు ముక్క కాకుండా రావాలి. విరగని గుండుకి ఒక ధర, రెండుగా చీలిన బద్దకి ఒక ధర, ముక్కకి ఇంకో ధర. డబ్ల్యూ 320 అని రాస్తే పౌనుకి 300 నుంచి 320 గుళ్లు తూగాలి. మా కాలంలో ఎగుమతి డబ్బా 25 పౌన్లు, అంటే 11.34 కిలోలు. పప్పు నింపుతూ డబ్బాను అదిలించేవాళ్లం, గుళ్లు ఒకదాని సందులో ఒకటి సర్దుకునేలా. ఖాళీ ఉంటే కదులుతుంది, కదిలితే విరుగుతుంది. తర్వాత లోపలి గాలి లాగేసి, కార్బన్ డయాక్సైడు నింపి సీలు వేసేవాళ్లం, పురుగు పట్టకుండా, చమురు కంపు రాకుండా. రెండేసి డబ్బాలు ఒక అట్టపెట్టెలో. అది లారీ ఎక్కి, రేవుకి చేరి, ఓడెక్కి, మేమెన్నడూ చూడని దేశంలో ఎవరో విప్పేవారు. గుండు అని రాసిన డబ్బాలో బద్దలు కనిపిస్తే సరుకు ధర పడిపోయేది. మా చేతుల మీద సీలైన ప్రతి డబ్బా వెనకా ఆ ముక్కూమొహం తెలియని మనిషి నిలబడి ఉండేవాడు.

ఈ సైకిలు కట్టినవాడికి ఏం కనిపించిందో? గోడ మీద గడియారం కనిపించి ఉంటుంది, గంటకిన్ని పెట్టెలని.

1972లో నా మొదటి సైకిలు వచ్చింది. మద్రాసు పక్కన అంబత్తూరులో చేసిన హెర్క్యులస్. ధర మూడు వందలకి పది రూపాయలు తక్కువ. కాశీబుగ్గ కొట్టువాడికి డబ్బు కట్టి రెండు నెలలు ఎదురు చూశాను. ఒకరోజు పలాస స్టేషన్లో పార్సిలు దిగింది. ఫ్రేముకి గడ్డి తాడు చుట్టి, పైన గోనె కుట్టి, దాని మీద కుంచెతో కొట్టువాడి పేరూ పలాస పేరూ రాశారు. చిన్న సామాన్లన్నీ కర్రపెట్టెలో ఎండుగడ్డి మధ్య పడుకుని వచ్చాయి. నేను స్టేషనుకి చేరేలోపే ఫలానావాడి సైకిలు వచ్చిందని ఊరంతా తెలిసిపోయింది.

"మరి అన్నీ అంత బాగుంటే నీ సైకిలుకి ఆ సొట్టేటి తాతా?" అన్నాడు మనవడు, వసారాలో ఉన్న దాన్ని చూపించి.

అది తిత్లీ సొట్ట. 2018 అక్టోబరు 11 తెల్లవారకుండానే తుఫాను మా మీద పడినప్పుడు ఉద్దానం కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మా పెరట్లో చెట్టు రేకుల షెడ్డు మీద కూలింది. షెడ్డు పోయింది. సైకిలుకి వెనక మడ్గార్డు మాత్రం నొక్కుకుంది. ఆ వారంలో రోడ్లకడ్డంగా పడిన చెట్ల మీంచి దాన్ని భుజాన ఎత్తుకుని దాటించి మంచినీళ్లు తెచ్చాను.

కానీ అబద్ధం ఎందుకు? ఆ హెర్క్యులస్ కూడా కొత్తలో నిక్షేపంగా ఏం రాలేదు. ముందు రిమ్ము బెండుతో వచ్చింది. పార్సిలాఫీసు గుమాస్తా ఏవో కాగితాలంటూ నాలుగు రోజులు తిప్పాడు. అయితే కొట్టువాడు నా ఎదురుగానే చక్రం ఎక్కించి, పుల్లలు ఒక్కొక్కటీ బిగించి వదిలి, పావుగంటలో బెండు తీయించాడు. నేను మొహం ముడుచుకుని నిలబడితే ఇత్తడి గంట ఒకటి ఊరికే వేయించాడు. తిట్టడానికి ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, తిట్లు తిని సరిచేయడానికీ ఆ మనిషే ఉన్నాడు.

మనవడు ఫోను పట్టుకున్నాడు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. చివరికి ఓ అమ్మాయి పలికి, "పెట్టె విప్పుతున్నప్పుడు వీడియో తీశారా సార్?" అంది. నా పెళ్లికే ఫొటో లేదు! అట్టపెట్టెకి వీడియోనా? అదృష్టం కొద్దీ ఆ చిరుగు చూసి వాడు ముందే తీశాడు. పైగా వాడికి చట్టం కూడా తెలుసు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న సరుకుని అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనకూడదట. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలట, నెలలోపు తేల్చాలట. తేల్చకపోతే 1915కి ఫోను చేస్తానన్నాడు. మా రోజుల్లో ఇది లేదని ఒప్పుకుంటాను. పార్సిలాఫీసు గుమాస్తా మీద ఫిర్యాదు చెప్పడానికి మాకు ఆ గుమాస్తానే గతి.

ఆ సాయంత్రం వాడు ఇంకో సంగతి చెప్పాడు. నెదర్లాండ్స్‌లో వాన్‌మూఫ్ అని ఒక సైకిళ్ల కంపెనీ ఉందట. పంపిన సైకిళ్లు దారిలో దెబ్బతింటుంటే 2016లో పెట్టెల మీద పెద్ద టీవీ బొమ్మ అచ్చు వేయించారట. దెబ్బలు 70 నుంచి 80 శాతం తగ్గాయని వాళ్లే చెప్పుకున్నారట. నవ్వొచ్చింది, తర్వాత చిరాకేసింది. మోసేవాడి చెయ్యి టీవీకి మెత్తనవుతుంది, సైకిలుకి అవదన్నమాట. మా జీడిపప్పు పెట్టె మీద జీడిపప్పనే రాసేవాళ్లం!

వారం తర్వాత కంపెనీ దిగొచ్చింది. కొత్తది పంపుతాం, పాతది అదే పెట్టెలో పెట్టి ఇవ్వండి అన్నారు.

అప్పుడు దొరికింది నాకు పని. వడ్రంగి చేత పనసచెక్క ముక్క కోయించి ఫోర్కు కాళ్ల మధ్య బిగించాను. ఇరుసు రెండు కొనలకీ కొబ్బరి పీచు ఉండలు కట్టి, పైన గోనె చుట్టాను. చక్రానికీ ఫ్రేముకీ మధ్య జీడిపప్పు అట్టపెట్టెలు విప్పి నాలుగు మడతలు వేశాను. పెడళ్ల డబ్బాని కవిటి కొబ్బరితాడుతో సీటు గొట్టానికి బిగించాను. ఎక్కడా వేలు దూరే సందు లేదు. ఆఖర్న పావుకిలో గుళ్లు పల్చటి కవర్లో పోసి, ఆ అట్టల నడుమ పెట్టి, ఒక చీటీ రాశాను. "బాబూ, ఇందులో ఒక్క పప్పు బద్దయినా నాకు చెప్పు."

"ఇరిగిపోయినదానికి ఇంత కట్టడమేటి మావా?" అన్నాడు మేస్త్రి. కట్టడం అంటే నాకు ఇదొక్కటే తెలుసు మరి.

తీసుకెళ్లడానికి అదే గుంటడు వచ్చాడు. పెట్టె ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపాడు.

"ఏటీ సప్పుడు నేదు తాతగోరూ!"

పది రోజులైంది. పెట్టె చేరిందని ఫోనుకి కబురొచ్చింది. చీటీకి జవాబు రాలేదు. పప్పు తిన్నారో, చూడకుండా పారేశారో తెలీదు. మనవడు నా హెర్క్యులస్ మీద రోజూ అక్కుపల్లి వెళ్లొస్తున్నాడు, సీటు గట్టిగా ఉందని సణుగుతూ. కొత్తది నిన్న అక్కడ బయల్దేరిందట.

అది వచ్చే రోజున రూపాయి బిళ్ల పట్టుకుని రమ్మని మేస్త్రికి చెప్పి ఉంచాను.