ఈసీలో రాని గీత

రాజోలు దగ్గర మా పాత పెంకుటిల్లు అమ్మకానికి పెట్టామని తెలియగానే ఊళ్లో అందరూ "ఎంతకండీ?" అని అడిగారు. దస్తావేజులు రాసే రైటరు గారు మాత్రం "కాయితాలేయండీ?" అన్నారు. అటక మీంచి ట్రంకు పెట్టె దింపాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చీటీ రాశారు: మూల దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రశీదు, నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అందరి ఆధార్లు, పాన్ కార్డులు. మా పెద్దాడి పెళ్లి సామాన్ల పట్టీ కూడా ఇంత పొడుగు లేదు.

మూల దస్తావేజు 1951 నాటిది. అందులో మా ఇల్లు మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. ఇక తూర్పు గోదావరి జిల్లాలో స్థిరపడిందనుకుంటే, 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లాలో తేలింది. అరుగు దిగకుండా ఇంత తిరిగిన ఇల్లు మాదే.

హద్దులు మరీ విచిత్రం. తూర్పున కొబ్బరిచెట్టు అని ఉంది. ఆ చెట్టు 1996 నవంబరు తుపానులో వేళ్లతో సహా లేచిపోయింది. ఉత్తరాన పశువుల పాక అని ఉంది. ఇప్పుడది రెండంతస్తుల మేడ.

"చెట్టుక్కూడా మరణ ధ్రువపత్రం తేవాలాండీ?" అన్నాను.

రైటరు గారు నవ్వలేదు. "అక్కర్లేదండి, కొత్తగా కొలతలేయిద్దాం. ఆయ్."

తర్వాత పేర్ల గొడవ. మా తాతగారు దస్తావేజులో సుబ్బారాయుడు, పన్ను రశీదులో సుబ్బారావు, నాన్న పత్రంలో వెంకట సుబ్బారావు. ముగ్గురూ ఒక్కరేనని మా నాయనమ్మకు జీవితమంతా తెలుసు. స్టాంపు కాగితం మీద రాసిస్తే గాని నోటరీ గారికి తెలియలేదు.

ఈసీ మాత్రం కడిగిన ముత్యంలా వచ్చింది. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లోనే దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేయించాలి. ఇల్లు ఎవరికి తాకట్టు పెట్టారో ఈసీ చెబుతుంది. వానొస్తే వంటింట్లో ఎన్ని గిన్నెలు పెట్టాలో చెప్పదు.

అది చెప్పాల్సింది అమ్మేవాడేనట. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 55వ సెక్షను: మనకు తెలిసి, కొనేవాడు మామూలుగా చూసుకుంటే పట్టుకోలేని పెద్ద లోపం ఏదైనా ఉంటే మనమే నోరు విప్పాలి. స్కాట్లండులో 2008 నుంచి ఇల్లు అమ్మకానికి పెట్టేముందే సర్వేయరు చేత 'హోమ్ రిపోర్టు' రాయించాలి. మా ఊళ్లో ఆ రిపోర్టు పక్కింటి పిన్నిగారు ఇస్తారు, ఉచితంగా, అడక్కుండా.

ఆవిడ కంటే ముందు నేనే చెప్పేద్దామని తీర్మానించుకున్నాను. మొదటొచ్చినాయనకు కారే చూరు, బిగుసుకుపోయే తలుపు, హాల్లో వరద గీత అన్నీ చూపించాను. ఆయన భార్య చెవిలో "ఇన్ని చెప్పాడంటే చెప్పనివెన్నో!" అని గొణిగి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు. రెండో ఆయన సిద్ధాంతి గారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయనకు కారే చూరుతో పనిలేదు, ఈశాన్యం తగ్గిందట. బ్రోకరు నన్ను పక్కకు లాగి, "ముందు ఆ గీత మీద రంగేయించెయ్యండి బాబూ" అన్నాడు.

అది 1986 ఆగస్టు నాటి గీత. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకెక్కిన ఏడు. నీళ్లు తీశాక నాన్న బొగ్గుతో గీసి, చెరిగిపోతుందని మేకుతో చెక్కారు. ఏటా సంక్రాంతికి ఆ గీతను వదిలేసి చుట్టూ సున్నం వేయించేవారు. ఆయన వదిలిన చోట నా చెయ్యి ఆడలేదు.

మూడో ఆయన లంకలనుంచి వచ్చాడు. కాగితాల కట్ట విప్పబోతుంటే ఆపి, "ఎనభై ఆరులో నీళ్లు ఎందాకా వచ్చాయండీ?" అన్నాడు. గీత చూపించాను. దగ్గరికెళ్లి నిలబడి చూసుకున్నాడు. నడుం దాకా ఉంది.

"మాకు చూరు దాకా వచ్చేసిందండీ. ఇది మెరకే" అని అక్కడికక్కడే బయానా ఇచ్చాడు.

ఇల్లు అమ్మదలచుకున్నవారికి నాదొక్కటే మాట. పేర్లు సరిచేయించుకోండి, ఈసీ తీయించుకోండి, గోడలకు రంగులూ వేయించుకోండి. వరద గీత మీద మాత్రం వేయించకండి.