ముప్పావుగంట భోజనాలు

యూరప్ టూరు ప్రకటన ఏది చూసినా పెద్దక్షరాల్లో ఒకటే హామీ: రోజూ ఇండియన్ భోజనం. మా అన్నయ్య కొడుకు, వాడి స్నేహితులు వేసవికి గ్రీసు వెళ్తారట. ప్రోగ్రాం చూపించాడు. మధ్యాహ్న భోజనానికి ముప్పావుగంట. అదీ బస్సు ఆగినచోట, బఫేలో, పనీరు కూరతో. నాకు ఒళ్ళు మండింది.

మా రోజుల్లో, అంటే 2002లో యూరో నోట్లు రాకముందు, ద్రాక్మాలు లెక్కపెట్టుకునే కాలంలో, మేం మిత్రులం గ్రీసులోని నాఫ్ప్లియో అనే ఊరు వెళ్ళాం. జులై ఎండ. పొద్దున్నే పలమీడి కోట ఎక్కాం. 999 మెట్లని ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటారు. రెండున్నరకు ఒక తవేర్నాలో, అంటే అక్కడి భోజనశాలలో, ద్రాక్షపందిరి కింద చేరాం. అక్కడివాళ్ళు మధ్యాహ్నం తినే వేళ అదే. యజమాని మమ్మల్ని వంటింట్లోకి పిలిచి గిన్నెల మూతలు తీశాడు. కావలసింది చూపిస్తే చాలు.

మాలో ఒకాయన పరమ శాకాహారి. అందరికంటే ఆయనకే ఎక్కువ వంటకాలు దొరికాయి. ఆర్థడాక్స్ చర్చి వాళ్ళకు ఏడాదిలో ఉపవాస దినాలు బోలెడు. మాంసం, పాలు, గుడ్లు ముట్టని ఆ రోజుల కోసం అక్కడి ఇల్లాళ్ళు తరతరాలుగా ఆలివ్ నూనెతో కూరలూ పప్పులూ వండుతూ వచ్చారు. బియ్యం కూరి కాల్చిన టమాటాలు, టమాటా గుజ్జులో మగ్గిన పెద్ద చిక్కుడు గింజలు, నిమ్మరసం పిండిన ఆకుకూర. ఇక ఫావా! పసుపు బఠాణీ బద్దలు మెత్తగా ఉడికించి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నూనె. అచ్చం మన ముద్దపప్పే. అలాంటి దేశానికి వెళ్తూ పనీరు కోసం వెతకడమేమిటి?

వంటకాలన్నీ బల్ల మధ్యలోనే. అందరి చేతులూ అక్కడికే. సలాడ్ అడుగున మిగిలిన నూనెలో రొట్టె తుంచి అద్దుకోవడానికి పోటీ. బిల్లు మనం అడిగేదాకా తేరు. వేసవిలో మూడు నుంచి ఐదున్నర దాకా గోల చేయకూడదని ఆ దేశంలో చట్టమే ఉంది. వీధంతా నిద్ర. ఆ వేళలోనే మాలో ఒకడు, పోయిన కొడుకు గురించి మొదటిసారి నోరు విప్పాడు. ఏళ్ళ తరబడి ఒకే ఆఫీసులో పక్కపక్కన పనిచేసినవాళ్ళం. ఆ మాట అక్కడ బయటికొచ్చింది. ఎవరమూ లేవలేదు. పుచ్చకాయ ముక్కలు తెచ్చిపెట్టి యజమాని చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పళ్ళెం రాగానే ఫొటో. తినడం చల్లారాకే. ఒకడు రేటింగులు చూస్తుంటాడు, ఇంకొకడు ఎవరి వాటా ఎంతో ఫోనులో లెక్క కడుతుంటాడు. రద్దీగా ఉండే దీవుల్లో టేబులు కూడా గంటల లెక్కన ఇస్తున్నారు. మధ్యధరా ఆహార పద్ధతిని 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు వంటలతోపాటు కలిసి కూర్చుని తినడాన్నీ అందులో భాగంగానే గుర్తించింది. మనవాళ్ళు ఆలివ్ నూనె సీసాలు మోసుకొస్తున్నారు గాని, ఆ కూర్చోవడం నేర్చుకు రావడం లేదు.

అన్నయ్య కొడుకు అడ్వాన్సు ఇంకా కట్టలేదన్నాడు. ఆ టూరు మానుకుని సొంతంగా వెళ్ళమన్నాను, మైకొనోస్ దీవిని జాబితాలోంచి కొట్టేయమన్నాను.

“అది చూడకపోతే ఎలా బాబాయ్?”

“ఏథెన్స్ నుంచి నాఫ్ప్లియోకి బస్సుంటుంది, రెండు గంటల పైచిలుకు. రెండున్నరకల్లా కూర్చోండి. ఫావా చెప్పండి. ఐదున్నర లోపు ఒక్కడు కూడా లేవొద్దు” అన్నాను.