బర్నరు నుంచుమా: ఒక గీజరు పద్యానికి టీకా తాత్పర్యం

మూలము (ఆటవెలది)

గాలి రాని గదిని గ్యాసు గీజరు పెట్ట
నీటి వెంట వచ్చు నిదుర చావు;
బయట గోడ మీద బర్నరు నుంచుమా,
ఏటి కొక్కసారి యిప్పి కడుగు.

అవతారిక

నాంపల్లి స్టేషను చుట్టుపక్కల పాత అపార్టుమెంట్లలోనూ, అబిడ్స్ చిరాగ్ అలీ లేన్ మేడల్లోనూ కొన్ని స్నానాల గదుల్లో గోడకు ఒక తెల్లరేకు పెట్టె కనిపిస్తుంది. కుళాయి తిప్పగానే అందులో టకటకమని నిప్పురవ్వ పుడుతుంది, నీలిమంట లేస్తుంది, బకెట్టులోకి వేడినీళ్ళు దిగుతాయి. ఆ పెట్టె పొట్ట మీద ఒక స్టిక్కరు ఉంటుంది. తయారు చేసినవాడు దానిమీద చాలా మంచి మాటలే రాశాడు గానీ అక్షరాలు మాత్రం చీమలకు తప్ప కనబడని సైజులో అచ్చువేయించాడు. రెండు చలికాలాల ఆవిరికి అవీ చెరిగిపోతాయి.

చదివేవాడు లేని గ్రంథానికే వ్యాఖ్య అవసరం. అందుచేత ఆ స్టిక్కరు సారాన్ని నాలుగు పాదాల్లో ఇరికించి, దానికి నేనే వ్యాఖ్య రాస్తున్నాను. కవీ వ్యాఖ్యాతా ఒక్కడే అయినందువల్ల లాభం ఉంది. కవి హృదయం ఏమిటని ఎవరూ తగువుకు రారు.

వ్యాఖ్యాతల్లో మనవాడు మల్లినాథసూరి, మెదక్ జిల్లా కొల్చారం ఊరివాడు. కాళిదాసును చదవాలంటే ఇవాళ్టికీ ఆయన చెయ్యి పట్టుకోవలసిందే. మూలాన్ని దాటి అడుగు వెయ్యకపోవడం ఆయన నియమం. నా మూలంలో ఉన్నది తక్కువ, లేనిది ఎక్కువ. కాబట్టి ఆ మహానుభావుడికి దండం పెట్టి నియమాన్ని పక్కన పెడుతున్నాను.

ప్రతిపదార్థము

గాలి రాని = వచ్చు దారియు పోవు దారియు లేని; గదిని = స్నానాల గదియందు; గ్యాసు గీజరు = సిలిండరు గ్యాసుతో నీళ్ళు కాచు యంత్రమును; పెట్టన్ = బిగించినచో; నీటి వెంట = వేడినీళ్ళతో పాటే; నిదుర చావు = నిద్రవలె కనబడు మరణము; వచ్చున్ = రాగలదు; బయట గోడ మీద = బాల్కనీయందో, వాష్ ఏరియాయందో, ఆకాశము కనబడు మరియొక చోటనో; బర్నరున్ = మంట మండు భాగమును; ఉంచుమా = ఉంచవయ్యా; ఏటికి ఒక్కసారి = ప్రతి సంవత్సరము, నుమాయిష్ మొదలగుటకు ముందే; ఇప్పి = విప్పి; కడుగు = శుభ్రము చేయుము.

తాత్పర్యము

స్పష్టం. అయినా ఎవరూ పాటించడం లేదు కనుక విశేషాలు రాయక తప్పదు.

విశేషములు

‘గాలి రాని’ అన్న మొదటి మాటలోనే పద్యమంతా ఉంది. గాలి లేని గది వేరు, గాలి రాని గది వేరు. లేని గదిలోకి మనిషి అడుగే పెట్టడు. రాని గదిలోకి మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని, పాట పాడుకుంటూ వెళ్ళి గడియ పెట్టుకుంటాడు.

లెక్క చూద్దాం. నిమిషానికి 6 లీటర్ల నీళ్ళు కాచే గీజరు గంటసేపు ఆగకుండా మండితే సుమారు కిలో గ్యాసు ఖర్చవుతుంది. కిలో ఎల్పీజీ పూర్తిగా మండడానికి 12 ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. అంటే 10 నిమిషాల స్నానంలో గీజరు ఒక్కటే 2 ఘనపు మీటర్ల గాలిని వాడుకుంటుంది. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు ఉన్న బాత్‌రూమ్‌లో మొత్తం గాలి దాదాపు 8 ఘనపు మీటర్లు. స్నానానికి వెళ్ళినవాడు ఆ గాలినే పీల్చాలి, గీజరూ అందులోంచే పీల్చాలి. పాఠశాల లెక్క ప్రకారం నలుగురి స్నానాలకు సరిపోవాలి. కానీ మంట అంతదాకా మర్యాదగా ఉండదు. గాలిలో ఆమ్లజని 21 శాతం నుంచి కాస్త తగ్గగానే సగం సగం మండడం మొదలుపెడుతుంది. మంట ఆరిపోతే బాగుండేది. ఆరిపోదు, నీళ్ళూ చల్లబడవు.

ఇక్కడ శంక. బిగించడానికి వచ్చిన మిస్త్రీ అంటాడు: ‘ఖిడ్కీ ఉన్నది గదా సార్, ఏం గాదు.’

సమాధానం. ఖిడ్కీ ఉన్న మాట నిజమే. డిసెంబరులో, అంటే గీజరు ఎక్కువగా వాడే నెలలో, దాన్ని మూసేస్తాం. అద్దాల పలకల సందుల్లో పాత పేపర్లు కుక్కినవాళ్ళనూ చూశాను. పోనీ తెరిచే ఉంచాం అనుకుందాం. అది ఎక్కడికి తెరుచుకుంటుంది? డక్టులోకి. పైనా కిందా ఉన్న ఫ్లాట్ల ఖిడ్కీలన్నీ అదే డక్టులోకి తెరుచుకుంటాయి. మూడో అంతస్తు వదిలిన పొగగాలిని నాలుగో అంతస్తు పీలుస్తుంది.

‘అయితే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిస్తా’ అని ఇంటి ఓనరు రెండో శంక. తలుపు కింద సందూ లేక, గాలి లోపలికి వచ్చే దారి లేక ఫ్యాను మాత్రమే తిరిగితే, అది గీజరు గొట్టంలోంచి బయటికి పోవలసిన పొగగాలిని తిరిగి గదిలోకే లాగగలదు. కాబట్టి ఫ్యాను గీజరుకు విరుగుడు కాదు.

‘నిదుర చావు’ సమాసం దగ్గర వ్యాకర్తలు ఆగుతారు. నిదుర వంటి చావా, నిదురలో వచ్చే చావా అని. పంచనామాలో రెండూ ఒకటే కనుక మనం ముందుకు పోదాం. సగం మండిన గ్యాసులోంచి పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆమ్లజని కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుంటే అంత సులువుగా వదలదు. ముందు తల బరువెక్కుతుంది. తర్వాత కళ్ళు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టుంటుంది. మనవాళ్ళు దాన్ని పైత్యమనో, బీపీ అనో, పొద్దున టిఫిను చెయ్యకపోవడమనో అనుకుంటారు. ఆ తర్వాత కాళ్ళు లేవవు, గొంతు పలకదు. లోపలి గడియ వేసే ఉంటుంది.

మనల్ని మోసం చేసేది మన ముక్కు మీద మనకున్న నమ్మకమే. సిలిండరు గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. లీకైతే తెలియడానికి అందులో ఇథైల్ మెర్కాప్టన్ అనే దుర్గంధ ద్రవ్యాన్ని కలుపుతారు. అందువల్ల ‘వాసన లేదంటే ప్రమాదం లేదు’ అని చిన్నప్పటినుంచి అలవాటైపోయింది. మండిన తర్వాత పుట్టే విషానికి ఆ వాసన ఉండదు. వాసన మంటలోనే కాలిపోతుంది. మన తాతలనాటి రాగి బాయిలరు ఈ విషయంలో మేలు. కట్టెలు వేసి పెరట్లో కాచేవారు. దానికి నడుమ పొగగొట్టం ఉండేది. గాలి తిరిగితే పొగ కంట్లో పడి, తిట్టుకుంటూ అవతలికి జరిగేవాళ్ళం.

‘పెట్ట … వచ్చు’ అన్నచోట అలంకారం అతిశయోక్తి అని కొందరు. కాదు, స్వభావోక్తి.

మూడో పాదంలో ‘బర్నరు’ అన్నది ఉపలక్షణం. ఒక్క బర్నరు పీకి బయట పెట్టమని కాదు, యంత్రమంతా బయట ఉండాలనీ, గోడలోంచి వేడినీళ్ళ గొట్టం మాత్రమే లోపలికి రావాలనీ కవి భావం. ఈ పేటలకు బయట కొలిమి పెట్టడం కొత్త కాదు. అబిడ్స్‌కు కూతవేటు దూరంలో గన్‌ఫౌండ్రీ ఉంది. అక్కడ ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో రెండో నిజాం అలీఖాన్ కోసం ఫిరంగులు పోత పోయించే కార్ఖానా కట్టించాడు. ‘తోప్ కా సాంచా’ అన్నారు జనం. దాని శిథిలం ఇప్పటికీ ఉంది. ఫిరంగి పోసే కొలిమిని పడకగది పక్కన పెట్టమని రేమండ్‌కు ఎవరూ చెప్పి ఉండరు. ట్రూప్ బజార్‌లో కొన్న ఈ చిన్న కొలిమిని మాత్రం మనం తలకు అడుగు దూరంలో పెట్టుకుంటాం.

గాలి సంగతి ఎంత గంభీరమో తెలియాలంటే చలిదేశాల్లో మనవాళ్ళ ఇళ్ళు చూడాలి. షికాగో శివార్లలో తెలుగువాళ్ళ ఇళ్ళ బేస్‌మెంట్లలో గ్యాసు ఫర్నేసు ఉంటుంది. ఇల్లంతా అదే వెచ్చబెడుతుంది. అందులో 90 శాతానికి పైగా సామర్థ్యం గల రకం ఒకటి. పొగగాలిలోని నీటి ఆవిరిని కూడా చల్లార్చి, నీళ్ళుగా మార్చి, ఆ వేడిని సైతం ఇంటికే ఇస్తుంది. పిసినారితనం యంత్రరూపం దాల్చినట్టుంటుంది. బయటికి పోయే పొగగాలి అంత చల్లగా ఉంటుంది కనుక దానికి మామూలు తెల్ల పీవీసీ గొట్టం చాలు. కాస్త పులుపు తేలిన ఆ నీళ్ళు పోవడానికి వేరే సన్నగొట్టం ఉంటుంది, అది మూసుకుపోతే యంత్రం ఆగిపోతుంది. ఇలాంటి చాలా ఫర్నేసులకు రెండో పీవీసీ గొట్టం కూడా ఉంటుంది. మంటకు కావలసిన గాలిని అది ఆరుబయటి నుంచే తెచ్చిస్తుంది. ఇంట్లోవాళ్ళ గాలిని మంట ముట్టుకోదు. అన్నీ చేసి కూడా వాళ్ళు నమ్మరు. పడకగదులకు 15 అడుగుల లోపు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2007 నుంచి చట్టం ఉంది. ఇక్కడా ఆ అలారాలు దొరుకుతాయి.

‘ఏటి కొక్కసారి యిప్పి’. ‘విప్పి’ అనకుండా ‘ఇప్పి’ అనడం యతి కోసమే. అయినా నాంపల్లిలో అందరూ అనేది అదే కనుక కవికి దోషం అంటదు. ఏడాదికి గుర్తు నుమాయిష్ అని టీకలో చెప్పాను. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత ఎగ్జిబిషన్ మైదానానికి వచ్చిన ఆ సంత మామూలుగా ఏటా జనవరి 1న తెరుచుకుంటుంది. దానికి ముందే, అంటే చలి ముదరకముందే, గీజరు విప్పించాలి.

ఈ పాదం అందరికీ తేలికగా కనిపిస్తుంది, అందరూ తప్పేదీ ఇక్కడే. ఫ్యాను పాడైతే తిరగదు, బల్బు పాడైతే వెలగదు. అందుచేత పాడైతే పని చెయ్యదని మన లెక్క. గీజరు వెలగకపోతే పరుగెత్తుకెళ్ళి మిస్త్రీని తెస్తాం. అతను వచ్చి రెండు సెల్లులు మారుస్తాడు. టకటకమనగానే ‘సర్వీసింగ్ అయిపోయింది సార్’ అంటాడు. అది సర్వీసింగ్ కాదు, సెల్లులు మార్చడం. వెలగని గీజరు వల్ల ఎవరూ చచ్చిపోలేదు. బాగా వెలుగుతూ, బాగా నీళ్ళు కాస్తూ ఉన్న గీజరే చంపుతుంది. బర్నరు రంధ్రాల్లో దుమ్మూ సాలెగూడూ పేరుకుంటే మంటకు గాలి కలవదు. పైన రాగి రెక్కల సందుల్లో మసి పడితే పొగగాలి పైకి పోలేక గదిలోకి తిరుగుతుంది. నీలిమంట పసుపుపచ్చగా మారడం, పెట్టె పైభాగాన నల్లటి చార పడడం దానికి గుర్తులు. ఇవి కనబడ్డ రోజు గీజరు వాడకూడదు, నీళ్ళు ఎంత వేడిగా వచ్చినా సరే. ఇక మన బోరునీళ్ళ సున్నం గొట్టాల్లో గారకట్టడం మరో కథ. దానివల్ల గ్యాసు ఖర్చు పెరుగుతుంది.

‘కడుగు’ అన్నదానిలోనే మిగిలిన చిల్లర జాగ్రత్తలన్నీ అధ్యాహారం చేసుకోవాలి. సిలిండరు నిలబెట్టే ఉండాలి, పడుకోబెట్టరాదు. రబ్బరు గొట్టం ఐఎస్ఐ గుర్తుదై ఉండాలి, మీటరున్నర దాటకూడదు, అయిదేళ్ళకు మార్చాలి. గొట్టం మధ్యలో కోసి టీ జాయింటు వేసి స్టవ్వుకూ గీజరుకూ పంచడం కూడదు. లీకు చూడడానికి సబ్బునీళ్ళు వాడాలి. అగ్గిపుల్ల గీసి చూసేవారి గురించి పూర్వ వ్యాఖ్యాతలు మౌనం వహించారు, నేనూ అంతే. గీజరుకు కూడా ఐఎస్ఐ ప్రమాణం ఉంది, దాని సంఖ్య 15558. కొన్ని మోడళ్ళు 20 నిమిషాలకు తమంతట తామే ఆగిపోతాయి. ఆ సదుపాయాన్ని కొని, ఆగగానే మళ్ళీ కుళాయి తిప్పి వెలిగించేవాళ్ళకు ఈ వ్యాఖ్య అక్కరకు రాదు.

పాఠాంతరము

పైపు గ్యాసు వచ్చిన ఇళ్ళలో మొదటి పాదానికి వేరే వ్యాఖ్య కావాలి. గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ మన నగరానికి ఆ గ్యాసు ఇస్తోంది. అది మీథేన్, గాలికన్నా తేలిక, లీకైతే కప్పు దిక్కుకు పోతుంది. సిలిండరు గ్యాసు బరువు, నేలమీద పాకుతుంది. కాబట్టి గాలిదారులు ఒకదానికి పైన ముఖ్యం, మరొకదానికి కింద ముఖ్యం. రెండింటి జెట్లూ వేరు. సిలిండరు గీజరును తీసుకెళ్ళి పైపుకు తగిలించడం పాఠాంతరం కాదు, అపపాఠం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని రోజూ పఠించినందువల్ల ఏ ఫలమూ లేదు. అద్దెకున్నవారు ఓనరుకు చూపించి గీజరును బాల్కనీకి మార్పించుకోవచ్చు. ఓనరు ఒప్పుకోకపోతే బకెట్టులో స్టవ్వు మీది నీళ్ళు పోసుకోండి, ఈ ఊరి చలికి అవి చాలు. గ్యాసు వాసన వస్తే స్విచ్చులేవీ ముట్టకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. స్నానంలో ఎవరైనా పలకకపోతే తలుపు పగలగొట్టి వాళ్ళను ఆరుబయటికి లాగి 108 పిలవండి. వాసనేమీ లేకుండా మీకే తల తిరిగితే కుళాయి కట్టేసి, ఉన్నపళాన గడియ తీసుకుని బయటికి రండి. సబ్బు తర్వాత కడుక్కోవచ్చు.