గేరుబాక్సు కొనబోతున్నారా? ముందు నన్నడగండి

పాత లారీకి వేరే గేరుబాక్సు ఎక్కించాలంటే, ఉన్న బాక్సు పాడైందని ముందు మీకు మీరే తీర్మానించుకోవాలి. ఎవర్నీ అడగొద్దు. నా 1613కు క్లచ్ తొక్కినప్పుడల్లా వాకిట్లో తిరగలి తిప్పినట్టు మోత వచ్చేది. కాలు తీస్తే బందు. "సేటూ, ఇది రిలీజ్ బేరింగు మోత. బాక్సు మంచిగనే ఉన్నది" అన్నాడు మేస్త్రి. బేరింగు మార్చాలన్నా బాక్సు దించాల్సిందేనట. దించిన బాక్సునే మళ్లీ ఎక్కిస్తే దించిన కూలి దండుగ కాదా? ఈ లెక్క ఆయనకు తట్టలేదు, నాకు తట్టింది. అందుకే ఆయన మేస్త్రి, నేను సేటు.

1613 అంటే 16 టన్నుల బండి, 130 గుర్రాల ఇంజన్. పేరులోనే జాతకం ఉంది. బాక్సుకూ పేరుంటుంది. నా బండిది జీబీఎస్-40, ముందుకు ఐదు గేర్లు, వెనక్కి ఒకటి. ఆ పేరు రాసుకుని, దుకాణానికి పోయి, అదే రకం కావాలని అడగడం చేతగానివాళ్ల పని. మనిషన్నాక ఎదగాలి. నేను ఆటోమేటిక్ పెట్టిద్దామనుకున్నాను.

ఈ ఆలోచన మా బామ్మర్దిది. టెక్సస్‌లో ఉంటాడు. తన పాత ట్రక్కుకు ఆటోమేటిక్ బాక్సు తానే మార్చుకున్నానని ఒకరోజు పొద్దున్నే ఫోన్లో గంటసేపు చెప్పాడు. 700ఆర్4 అంట, 1982లో వచ్చిన రకం. నాలుగు గేర్లూ వాటంతట అవే పడతాయి, క్లచ్ పెడలే ఉండదు. పెడలే లేకపోతే తొక్కేదేముంది, మోత వచ్చేదేముంది! నా జబ్బుకు ఇదే మందనుకున్నాను. ఆఖర్న ఒక జాగ్రత్త చెప్పాడు. "బావా, టీవీ కేబుల్ కరెక్టుగా సెట్ చేయకపోతే బాక్సు కాలిపోతది. అదొక్కటి యాదుంచుకో."

యాదుంచుకున్నాను. ఆ సాయంత్రమే మా గల్లీ కేబుల్ ఆపరేటర్ దగ్గరికి పోయి లారీకి కనెక్షన్ ఎంతవుతుందని అడిగాను. ఆ పిలగాడు నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "లారీ ఇంటికాడ ఎన్ని దినాలుంటది కాకా?" అన్నాడు. ఇప్పుడు నెలంతా ఉంటుంది గానీ, అప్పట్లో సరైన ప్రశ్నే.

టీవీ అంటే థ్రాటిల్ వాల్వు అట. తర్వాత తెలిసింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కామో ఆ తీగ బాక్సుకు చెబుతుంది, దాన్నిబట్టి లోపల ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది. తీగ వదులుగా ఉంటే ప్రెషర్ చాలక లోపలి ప్లేట్లు జారి జారి మాడిపోతాయి. ఇంజన్‌కూ బాక్సుకూ నడుమ క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. తిరిగే ఫ్యాను ముందు ఆగి ఉన్న ఫ్యాను పెడితే ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది చూడండి, అదే పని అక్కడ నూనెతో జరుగుతుంది. ఆ నూనె కాగిపోకుండా కూలర్ కావాలి. ఇంకో సంగతి, అక్కడివాళ్లు ట్రక్కనేది మన బొలెరో పికప్ లాంటి బండిని. వడ్ల బస్తాలు నింపుకుని రాజీవ్ రహదారి ఎక్కే 16 టన్నుల బండి వాళ్ల మాటలో వేరే. ఇలాంటి చిన్న చిన్న తేడాలు పట్టించుకుంటే దేశం ముందుకు పోదు. నేనైతే పట్టించుకునేవాణ్ని కాదు. విమానంలో తెచ్చే సామానుకు కిలోల లెక్కుంటుందని బామ్మర్దే వెనక్కి తగ్గాడు.

సరే, సెకండ్‌హ్యాండ్ బాక్సే గతి. దీన్ని చూడ్డానికి ఎప్పుడూ పొద్దుగూకినాకే పోవాలి. పగటి ఎండకు ఇనుము మీద ఉన్నవీ లేనివీ అన్నీ కనిపించి మనసు చెడగొడతాయి. ముందు రంగు చూడండి. వెండిరంగు మెరుస్తుంటే లోపలంతా కొత్తదే. రంగు బోల్టుల మీదికీ, పేరు పలక మీదికీ కూడా కారి ఉంటే ఇంకా మంచిది, ధారాళంగా వేశారన్నమాట. పలక మీది అక్షరాలు కనపడకపోతే అవి చదివే శ్రమ కూడా తప్పుతుంది.

మా మేస్త్రి వెంట వచ్చాడు. తీసుకుపోవడం నా తప్పే. బాక్సు కింది డ్రెయిన్ బోల్టు విప్పించమన్నాడు. దాని కొసకు అయస్కాంతం ఉంటుంది, ఉక్కు పలుకులు అంటుకుని ఉంటే పళ్లు రాలుతున్నట్టు. నూనెను అరచేతిలో పోసుకుని ఎండలో వంచితే పసుప్పచ్చని తళుకు కనిపించిందనుకోండి, ఇత్తడి సింక్రో రింగులు అరిగి పొడైనట్టు. ఇన్‌పుట్ షాఫ్టు చేత్తో పట్టుకుని కిందికీ మీదికీ ఊపాలట, బేరింగు పోయి ఉంటే లటలటలాడుతుంది. ఒక్కో గేరు వేసి తిప్పి చూడాలట. పెండ్లిచూపులకు పోయి పిల్ల పండ్లు లెక్కబెట్టినట్టు ఇదేం పద్ధతి? ఆ దుకాణదారు కొమురెల్లి మల్లన్న మీద ఒట్టేశాడు. మల్లన్న మీద ఒట్టేసినాక బోల్టు విప్పమంటే బాగుండదని నేనే మేస్త్రిని చాయ్ తాగిరమ్మని పంపాను.

అది టిప్పర్ బాక్సని ఇంటికొచ్చాక తెలిసింది. డబ్బా ఎత్తే హైడ్రాలిక్ పంపుకు బాక్సు పక్కనుంచే శక్తి తీసుకుంటారు, దానికొక కిటికీ ఉంటుంది. నాకు ఎత్తేదేమీ లేదు కాబట్టి కిటికీకి రేకు ముక్క కోసి మూశాం. ప్యాకింగ్ బదులు పెండ్లి పత్రిక అట్ట. గట్టి అట్టే, ఉన్నవాళ్ల పెండ్లి. నూనె కారితే కారింది. కింద నూనె చుక్కలు పడితేనే బాక్సులో నూనె ఉందని నమ్మకం.

ఇన్‌పుట్ షాఫ్టు గీట్లు పాత క్లచ్ ప్లేటులో పట్టలేదు. నా ప్లేటు తీసి ఆ షాఫ్టుకు పట్టే ప్లేటు వేయించాను. అది ఫ్లైవీలు మీద కూర్చోలేదు. ఒకదానికోసం ఒకటి మార్చుకుంటూ పోతే ఏదో ఒకనాటికి బండి మొత్తం కొత్తదవుతుంది, ఇది నష్టమెలా అవుతుంది? బాక్సు పాతదానికన్నా కాస్త పొట్టి. వెనక షాఫ్టు అందలేదు. పైపు ముక్క పెట్టి వెల్డింగ్ కొట్టించాను. బ్యాలెన్స్ చూపిద్దామన్నాడు మేస్త్రి. అది బతుకులోనే లేదు, షాఫ్టుకెందుకన్నాను. బండి 40 దాటితే సీటు కింద ఎవరో డప్పు కొడుతున్నట్టుంటుంది. డ్రైవరుకు నిద్ర పట్టదు. ఈ సౌకర్యం కొత్త బండ్లకు లేదు.

పళ్ల లెక్క అని ఇంకొకటుంది. ఇది ఓపిక లేనివాళ్లు వదిలేయొచ్చు, నేను వదిలేశాను. వెనక హౌసింగులో క్రౌనుకు 41 పళ్లుంటే పినియన్‌కు 7 ఉండొచ్చు, 6 ఉండొచ్చు. 10.00-20 టైరు ఒక చుట్టుకు సుమారు 3.2 మీటర్లు పోతుంది. ఇంజన్ 2,400 చుట్లు తిరుగుతుంటే, డైరెక్ట్ టాప్ గేరులో 7 పళ్ల పినియన్‌తో బండి గంటకు 79 కిలోమీటర్ల దాకా పోతుంది, 6 పళ్లదైతే 67 దగ్గరే ఆగుతుంది. కానీ లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ ఆరే గట్టిగా లాగుతుంది. హౌసింగు విప్పకుండానే తెలుసుకోవచ్చట: వెనక చక్రాలు రెండువైపులా జాకీల మీద లేపి, న్యూట్రల్‌లో పెట్టి, రెండింటినీ కలిపి ఒక్క చుట్టు తిప్పి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దముక్క గీటుతో లెక్కబెట్టాలి. ఆరుకు కొంచెం తక్కువైతే ఒకటి, ఏడుకు కొంచెం తక్కువైతే ఇంకొకటి. నా చేతికి మసి అంటుతుందని నేను చేయలేదు. బండి దుద్దెడ టోల్ దాకా మూడో గేరులో పోయింది. ఎందుకు నాలుగో గేరుకు రావట్లేదో టోల్ దగ్గర వెనకున్న లారీలవాళ్లు అరిచి అరిచి అడిగారు. వాళ్లకున్నంత శ్రద్ధ నాకుండి ఉంటే సుద్దముక్క కొనేవాణ్నే.

నూనె సంగతి క్లుప్తంగా చెప్తా. 90 నంబరు గేర్ ఆయిల్ పోయాలంటారు. ఇంజన్ నుంచి దించిన పాత నూనె మన దగ్గర ఊరికే ఉండగా కొనడమెందుకు? నల్లగా ఉంటుంది కాబట్టి లోపల ఏం తిరుగుతున్నదీ కనిపించదు, మనసుకు ప్రశాంతం.

ఇప్పుడు బండి పొన్నాల దగ్గర వేపచెట్టు కింద ఉంది. బాక్సు దించి పక్కన పెట్టించాను. నిన్ననే వెండిరంగు రెండు పూతలు వేయించాం, కారినచోట కారింది. గేర్లన్నీ పడతాయి, మల్లన్న మీద ఒట్టు. చూడాలనుకున్నవాళ్లు పొద్దుగూకినాక రండి, మేస్త్రిని తీసుకురావద్దు. చాయ్ నేను పోయిస్తా.