ఎక్కనివారి లెక్క

రవాణా నివేదికలలో ‘ఆదరణ లేదు’ అన్న రెండు మాటల మహిమ ఇంతా అంతా కాదు. రాత్రి ట్రిప్పును రద్దు చేసి బస్సును డిపోలో పడుకోబెట్టడానికి అవి చాలు. ఆ మాటలకు శాస్త్రగౌరవం తెచ్చిపెట్టే కొలమానం ఆక్యుపెన్సీ రేషియో. ఆర్టీసీ వారు ఓఆర్ అని పిలిచే ఈ శాతం, బస్సు తిరిగిన దూరం పొడవునా అందుబాటులో ఉన్న సీట్లలో ఎంత భాగం నిండిందో చెబుతుంది. దీనికి ముడిసరుకు కండక్టరు చేతిలోని టిమ్ నుంచి, అంటే టికెట్లు కొట్టే యంత్రం నుంచి వస్తుంది గనుక, టికెట్టు తీసుకోని మనిషి ఈ శాస్త్రం దృష్టిలో పుట్టనే లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఇస్తున్న జీరో టికెట్టు సైతం ఆ యంత్రం నుంచే రావాలి. పైసా ఇవ్వకపోయినా లెక్కలోకి ఎక్కవచ్చు గాని, బస్సే రాకపోతే ఎక్కే దారి లేదు.

ముంబయి రహదారి మీది పటాన్‌చెరు బస్టాండు ఈ శాస్త్రాన్ని పరీక్షించడానికి తగిన చోటు. 1970ల నుంచి పెరిగిన పారిశ్రామికవాడకూ, ఆవలి ఇస్నాపూర్, పాశమైలారం యూనిట్లకూ చేరవలసిన జనం ఇక్కడే దిగుతారు. ఉదయం సికింద్రాబాదు నుంచి వచ్చే 219లో టిఫిన్ క్యారియరును లోపలివారి చేతికిచ్చి ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడే కార్మికుడూ, మిట్టమధ్యాహ్నం అదే బస్సులో రెండు సీట్ల మీద కాళ్లు చాపి కునుకు తీసే పెద్దమనిషీ ఓఆర్‌లో కలిసిపోయి ఒక సగటు ప్రయాణికుడు అవుతారు. ఆ సగటు ప్రయాణికుడికి మాత్రం ఎల్లవేళలా కూర్చోవడానికి చోటుంటుంది.

అసలు విడ్డూరం రాత్రిపూట కనిపిస్తుంది. రాత్రి పదికి ముగిసే షిఫ్టువారు చేతులు కడుక్కుని, హాజరు వేసి, గేటు దాటేసరికి పావుగంట గడుస్తుంది. ఆఖరి ట్రిప్పును పదికి ముందే బయలుదేరదీసి, అందులో పది మందైనా లేరని కాగితం మీద రాసి, మరుసటి నెల దానిని ఎత్తివేసి, అప్పుడు ఆఖరిదైన ఇంకో ట్రిప్పును మళ్లీ తూచడం ఈ పద్ధతిలోని క్రమశిక్షణ. కార్మికులు అప్పోసొప్పో చేసి మోటారు సైకిళ్లు కొనుక్కున్నాక, వారికి సొంత వాహనాలున్నందున బస్సు అక్కరలేదన్న రెండో నిరూపణ కూడా సిద్ధమవుతుంది. ఈ తర్కాన్ని చివరిదాకా నడిపితే బస్సులన్నిటినీ ఆపివేయడమే ఉత్తమం. అప్పుడు ఖాళీ సీటు ఒక్కటీ ఉండదు, డెడ్ కిలోమీటర్లు, అనగా ప్రయాణికులు లేకుండా డిపోకూ బస్టాండుకూ మధ్య తిరిగే దూరం, సున్నా అవుతాయి, బస్టాండులోని దుకాణాల అద్దెలు మాత్రం వస్తూనే ఉంటాయి. 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన నిజాం రైల్వేవారు ముందుగా ఆదరణ రుజువు కావాలని కూర్చుని ఉంటే, ఆ 27 కూడా షెడ్డు దాటేవి కావు. బస్సెక్కే అలవాటు బస్సు కంటే ముందు పుట్టదు మరి.

ఓఆర్ ఊసెరుగని షేర్ ఆటోవాలా సర్వే ఏదీ చేయించకుండానే పదింపావుకు గేటు ఎదుట ఇంజను ఆపకుండా నిలబడి, తనకు రెండు పక్కలా ఇద్దరిని, వెనుక పట్టినంతమందిని ఎక్కించుకుని, రాత్రివేళ కాబట్టి చార్జీ రెట్టింపు చేసి వసూలు చేసుకుంటాడు.