చదివి వినిపించని దస్తావేజు

పూర్వం అప్పు పత్రం మీద వేలిముద్ర వేసేవారికి అందులో ఏముందో తెలిసేది కాదు. చదువు రాకపోవడం దానికి కారణం. నేడు ఫోన్‌లో ‘అంగీకరిస్తున్నాను’ మీట నొక్కేవారికీ అందులో ఏముందో తెలియదు. వీరిలో పీజీలు చేసినవారికి కొదవ లేదు. పాత దస్తావేజు లేఖరి కనీసం ‘చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని’ అని చివర ఒక ముక్క రాసేవాడు. చదివాడో లేదో ఆ పైవాడికే తెలియాలి గానీ, మర్యాద మాత్రం దక్కించేవాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ అబద్ధాన్ని కూడా వినియోగదారుడి చేతే ఆడిస్తుంది: ‘నేను షరతులన్నీ చదివాను’ అని టిక్కు పెట్టాల్సింది అతనే.

దీన్ని బద్ధకం అనడం అన్యాయం. ఒక మనిషి తాను ఏడాదిలో చూసే వెబ్‌సైట్ల గోప్యతా విధానాలన్నీ చదవాలంటే సుమారు 244 గంటలు పడతాయని 2008లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. సంక్రాంతి వెళ్లగానే ఆఫీసుకు సెలవు పెట్టి రోజుకు ఎనిమిది గంటల చొప్పున కూర్చుంటే, ఫిబ్రవరి సగం దాటాక కూడా ఇంకా కొన్ని కంపెనీలు మిగిలే ఉంటాయి.

కంపెనీలకూ ఈ సంగతి తెలుసు. ఫలానా చిరునామాకు ఈమెయిల్ రాస్తే డబ్బిస్తామని పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థ తన ఒప్పందం మధ్యలో ఒక వాక్యం దాచింది. నాలుగు నెలలు గడిచి, 3,000 పైచిలుకు డౌన్‌లోడ్లు అయ్యాక ఒకే ఒక్కడు రాశాడు. అతనికి 1,000 డాలర్లు ముట్టాయి. బ్రిటన్‌లో వీడియో గేములు అమ్మిన గేమ్‌స్టేషన్ మరో మెట్టు పైకెక్కింది. 2010 ఏప్రిల్ 1న ఆన్‌లైన్‌లో సరుకు కొన్నవారు తమ అమరమైన ఆత్మను కంపెనీకి దఖలు పరిచినట్టే అని షరతు పెట్టింది. వద్దనుకునేవారికి పక్కనే ఒక గడి ఉంది. అందులో టిక్కు పెడితే ఆత్మ మిగలడమే కాక అయిదు పౌండ్ల కూపనూ దొరికేది. అయినా సుమారు 7,500 మంది ఆత్మనే ఇచ్చేశారు. ఆత్మ కావలసినప్పుడు ఆరడుగుల అగ్ని అక్షరాలతో నోటీసు పంపుతామని కూడా ఆ షరతులో ఉంది. ఆత్మను అగ్ని కాల్చలేదు కాబట్టి నోటీసు వల్ల నష్టం లేదనుకోవాలి. చివరికి కంపెనీయే హక్కు వదులుకుంది.

రాసేవారికీ విసుగు పుడుతుందేమో. అమెజాన్ 2016లో విడుదల చేసిన లంబర్‌యార్డ్ అనే గేమ్ ఇంజిన్‌ను అణుకేంద్రాల్లో, విమానాల్లో, ఆసుపత్రి పరికరాల్లో వాడకూడదని షరతు. శవాలు లేచి బతికున్నవాళ్లను తినే వైరస్ ప్రబలి, నాగరికత కూలే స్థితి వస్తే మాత్రం ఆ నిషేధం వర్తించదట. వకీలు ముందుచూపు అంటే ఇదీ.

అదే కంపెనీ 2009 జులైలో చేసిన పని అంత సరదాగా లేదు. కిండిల్‌లో జార్జ్ ఆర్వెల్ ‘1984’ను అమ్మినవారికి ఆ హక్కు లేదని తేలడంతో, కొన్నవారి పరికరాల్లోంచి ఆ పుస్తకాన్ని చడీచప్పుడు లేకుండా తీసేసి పైకం వాపసు వేసింది. పుస్తకంతో పాటు తాను రాసుకున్న నోట్సూ కొరగాకుండా పోయిందని ఒక విద్యార్థి కోర్టుకెక్కాడు. నిఘా ప్రభుత్వం పాత కాగితాలను మాయం చేసే కథ ఉన్న నవలకే ఈ గతి పట్టడం కల్పన కాదు.

భారతదేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతిని స్పష్టమైన సాదా భాషలో అడగాలంది. ఇంగ్లిషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలుండాలి. వాటిలో తెలుగూ ఉంది. ‘పైన పేర్కొనబడిన సదరు డేటా’ అని రాయడానికి అలవాటుపడ్డ చేతులకు సాదా భాష చిన్న పరీక్ష కాదు.

సాఫ్ట్‌వేర్ షరతుల లంపటానికి విరుగుడుగా ఎప్పుడో 1983లోనే అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఇంగ్లిషులో ‘ఫ్రీ’కి రెండర్థాలు గనుక, ఇది ఊరికే పోసే బీరు సంగతి కాదు, మాట్లాడే స్వేచ్ఛ సంగతి అని ఆ ఉద్యమం విడమరచి చెప్పాల్సి వస్తూనే ఉంది. తెలుగులో స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. ఆ తిప్పలు లేవు, కాకపోతే ఏది చెప్పినా జనానికి వినబడేది రెండోదే.

స్వేచ్ఛావాదుల పట్టింపులు వేరే రకం. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే ప్రోగ్రామర్ తన ప్రోగ్రాములను మంచికే వాడాలి, చెడుకు వాడరాదని లైసెన్సులో రాశాడు. ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ దీంతో పోయిందంటూ స్టాల్‌మన్ స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆ లైసెన్సును వెలివేసింది. ఐబీఎం వకీళ్లు అడిగితే, చెడుకు కూడా వాడుకోవచ్చని ఆ కంపెనీకి ప్రత్యేక అనుమతి ఇచ్చానని ఆయనే చెప్పుకున్నాడు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం స్టాల్‌మన్ రాసిన జీపీఎల్ లైసెన్సు 2007 నాటి మూడో కూర్పులో తొమ్మిదో సెక్షను ఒకటుంది. ప్రోగ్రామును తెచ్చుకోవడానికి, నడుపుకోవడానికి ఈ లైసెన్సును ఒప్పుకోనక్కర్లేదని అందులో సూటిగా ఉంటుంది. మార్చిగానీ మార్చకుండాగానీ పంచిపెట్టేటప్పుడే షరతులు అడ్డొస్తాయి. అయినా విండోస్‌లో జీపీఎల్ ప్రోగ్రాముల ఇన్‌స్టాలర్లు చాలా ఆ లైసెన్సు పాఠాన్ని ఒక చిన్న పెట్టెలో చూపిస్తాయి. దాని కిందే ‘అంగీకరిస్తున్నాను’ మీట. అది నొక్కితే గానీ ‘నెక్స్ట్’ వెలగదు.