డీజే బాక్సుకు బహిరంగ లేఖ

డీజే బాక్సూ,

బెంగాల్లోని న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల నుంచి రాస్తున్నాను. విశ్వకర్మ పూజ, దసరా, అమ్మవారి ఊరేగింపు, పెళ్లి, ఏదొచ్చినా నువ్వు వ్యానెక్కి మా లైన్లోకి దిగుతావు. పండగంటే నాకూ ఇష్టమే. నీ మోతలో నోరు మూతపడిన పాటల గురించే నా బాధ.

బీఎన్ఆర్ (బెంగాల్ నాగపూర్ రైల్వే) రోజుల్లో వర్క్‌షాపు పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు మావి. పెద్దవాళ్లు ఊడుపు పాటలు, దంపుడు పాటలు, జముకుల కథలు వెంట తెచ్చుకున్నారు. క్వార్టర్లో వరి మడి లేదు, రోలూ లేదు. పాటలు మాత్రం డెబ్బై దాటిన ఆడవాళ్ల నోట ఇంకా ఉన్నాయి. వాటిని రికార్డు చేసి, వారం వారం వినిపించే రేడియో కార్యక్రమం నడపాలని నా పట్టుదల.

మొన్నొక మామ్మ వరండాలో చాప మీద కూర్చుని, అరచేత్తో నేల చరుస్తూ దంపుడు పాట ఎత్తుకుంది. రోకటి పోటు పడాల్సిన చోటల్లా "హుఁ" అని ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరే తాళం. రెండో చరణంలో ఉండగా నువ్వు సందు మలుపు తిరిగావు. అలమారలో స్టీలు గిన్నెలు గలగలలాడాయి. ఫోన్‌లో రికార్డింగు గీత ఎర్రబడింది. "ఆళ్ల గోల ఆగనీ నాయినా, పాడతాను" అంది. నువ్వు వెళ్లాక ఎంత తలుచుకున్నా తర్వాతి చరణం ఆవిడకి గుర్తు రాలేదు. ఇలాంటి పాటలన్నీ పుస్తకాల్లో దొరకవు.

ఈ పాటల్ని రేడియోలో వినిపించాలన్నది నా పిచ్చి ఊహేమీ కాదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత ఆడవాళ్లు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ మైకు ముందు కూర్చుని తమ ఊళ్ల పాటలనీ, సేద్యం మాటలనీ 90.4 మీద వినిపించారు. దానికి ప్రారంభోత్సవం చేసిన పెద్దమనిషి జస్టిస్ పి.బి. సావంత్. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు రాసిందీ ఆయనే. ఆ కేసు మన బెంగాల్ క్రికెట్ సంఘానిది. తరంగాలే అందరివైనప్పుడు మా సందులో గాలి నీ ఒక్కడిదెలా అవుతుంది?

ఐర్లండ్‌లో కియరాన్ మాక్ మహూనా అనే ఆయన రికార్డింగు బండితో ఊరూరా తిరిగి, పల్లె జనం పాటల్నీ ఫిడేలు వాయింపునీ పట్టుకొచ్చాడు. 1970 నుంచి 2005 దాకా ఆదివారం పొద్దున్నే వాటిని రేడియోలో వినిపించాడు. ముప్పై అయిదేళ్లు! అంత ఓపిక నాకూ ఉంది. మా మామ్మలకే అంత వ్యవధి లేదు.

సంఘం రేడియో లాంటి కమ్యూనిటీ రేడియోకి యాభై వాట్ల ట్రాన్స్‌మిటర్ చాలు, చుట్టూ అయిదు నుంచి పది కిలోమీటర్లు పలుకుతుంది. నీకేమో ఒక్క సందుకే వేల వాట్లు కావాలి.

2000 నాటి శబ్ద నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ కూడదు. అది నీకు తెలియంది కాదు, ఆ గొడవ పోలీసులు చూసుకోవాలి. నేనడిగేది వేరు. ఆదివారం సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా మా లైన్లోకి రాకు. ఊరేగింపు ఉంటే పక్క రోడ్డు మీంచి వెళ్లు. ఆ రెండు గంటల్లో మామ్మతో ఇంకో రెండు పాటలైనా పాడిస్తాను.

ఇట్లు,
న్యూ సెటిల్‌మెంట్ నివాసి